మేయరు గారి తలమీద కాకులు

"ఇకమీదట నన్నెవరూ చైర్మన్ అని పిలవొద్దు. మేయర్ అనండి" అని నాగభూషణరావు గారు పదవిలోకి వచ్చిన రోజునే ప్రకటించారు.

మా ఊరికి మేయర్ లేడు. మునిసిపాలిటీకి చైర్మన్‌తోనే సరిపెట్టింది చట్టం. కమిషనర్ గారు ఆ సంగతి ఆయన చెవిలో చెప్పబోయారు.

"చట్టం సంగతి నాకు చెప్పకండి. నేను లాయర్ని" అన్నారు మేయరు గారు.

చప్పట్లు మోగాయి. మొదట కొట్టినవాణ్ణి నేనే.

ఊరి పేరు రాయను. ఈ కథ విన్న బందరు వాళ్లు అది గుడివాడ అన్నారు, గుడివాడ వాళ్లు బందరు అన్నారు. మధ్యలో ఎక్కడో ఉందనుకోండి. నేను తాలూకాఫీసులో గుమాస్తాగా రిటైరైన బి.ఎ.ని. నాకు మంచి తెలుగు వచ్చునని నాగభూషణరావు గారి నమ్మకం. అందుచేత ఆయన కరపత్రాలన్నీ నేనే రాశాను. ఈ దేశంలో మానవ హక్కులకు నేను చేసిన సేవ అదొక్కటే.

మేయరు గారు అంతకుముందు హక్కుల లాయరు. ఎమర్జెన్సీ ఎత్తేసిన మర్నాడే ఆయన ఎమర్జెన్సీని తీవ్రంగా ఖండించారు. మా ఊళ్లో అంత తొందరగా ఖండించినవారు మరొకరు లేరు. ఆ ఖండన కూడా నా రచనే. అంతకుముందు ఎందుకు రాయలేదని ఎవరూ ఆయన్ని అడగలేదు, నన్నూ అడగలేదు. జనం మంచివాళ్లు.

ఆ ఏడాది చివర్లో ఉప్పెన వచ్చింది. దివిసీమలో ఇల్లూ, పడవా, ఇంటాయనా పోగా మిగిలిన అంకమ్మ ఒక గంపతో మా ఊరు చేరి, మునిసిపల్ ఆఫీసు గోడ నీడన చేపలమ్ముకోవడం మొదలుపెట్టింది. అప్పటి చైర్మన్ ఆమెను లేపెయ్యమన్నారు. నాగభూషణరావు గారు ఆమె గంప పక్కనే నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆయన శాకాహారి. ముక్కుకు సెంటు రుమాలు అడ్డం పెట్టుకుని మరీ హక్కుల కోసం పోరాడారు. "కూర్చోవడం మా హక్కు" అన్న నినాదం నాది. ఎన్నికల్లో ఆయన్ని గెలిపించింది అదేనంటారు.

ఈ పోరాటంలో నాకు స్వార్థం లేకపోలేదు. మా ఆవిడ ప్రభావతి పోయాక పులుసు పెట్టడం నేర్చుకున్నాను గాని, చేప బాగుచెయ్యడం నాకు చేతకాలేదు. అంకమ్మ నేను అడగకుండానే పొలుసు గీకి, మొప్పలు తీసి, ముక్కలు కోసి ఇచ్చేది. తీసిన మొప్పలు వెనక్కి విసిరితే గోడమీద కాకులు కిందికి దిగేవి.

"చింతపండు తగ్గించి పొయ్యండి బాబుగారూ. అమ్మగారు తక్కువే పోసేవారు" అనేది.

ప్రభావతి పోయేదాకా చేపలు అంకమ్మ దగ్గరే కొనేది. ఆ పులుసు సంగతి గుర్తున్నవాళ్లు ఊళ్లో మేమిద్దరమే.

మేయరైన కొత్తలో నాగభూషణరావు గారు అంకమ్మకు శాలువా కప్పి, ఆమె పోరాటానికి గుర్తుగా ఆమె కూర్చున్న చోటే ఆమె విగ్రహం పెట్టిస్తానన్నారు.

"మరి నేనెక్కడ కూర్చోవాలండీ?" అంది అంకమ్మ.

"నువ్వు శాశ్వతంగా ఇక్కడే కూర్చుంటావమ్మా, సిమెంటులో."

పునాది తవ్వడానికి అడ్డమని మర్నాడే ఆమెను ఎరువుల గోడౌను వెనక్కి పంపారు. అటు వెళ్లేవాళ్లు లేరు. తెచ్చిన చేపలు పొద్దువాలేదాకా అలాగే ఉండేవి. ఆమె వాటిని ఉప్పులో వేసుకుని ఇంటికి మోసుకెళ్లేది. ఇలాగే ఉంటే గంప కిందపెట్టి ఎవరింట్లోనైనా అంట్లు తోముకోవాలి అంటుండేది. నేను మజ్జిగన్నంలోకి దిగాను. కరపత్రాలు మానలేదు.

విగ్రహం పని జలాలుద్దీన్ మేస్త్రికి అప్పగించారు. ఇనప చువ్వలమీద సిమెంటు మెత్తి ఆయన చేసిన కూర్చున్న అంకమ్మ, లేచి బేరమాడుతుందేమో అన్నట్టుండేది. మేయరు గారు చూడటానికి వచ్చారు. వెంట నేనూ వెళ్లాను.

"బావుంది మేస్త్రీ. కాని కూర్చుంటే రోడ్డు మీదికి కనపడదు. నిలబెట్టు."

"కూర్చునే హక్కు బొమ్మ కదండీ?"

"హక్కు కోసం నిలబడింది. ఏమంటారు బావగారూ?"

వరస ఏమీ లేకపోయినా ఆయనకు నేను బావగారినే. అద్భుతంగా ఉందన్నాను.

మరోసారి వచ్చినప్పుడు కత్తిపీట హింసను ప్రోత్సహిస్తుందని తీయించి, చేతిలో చట్టం పుస్తకం పెట్టించారు. పుస్తకం ఉందంటే చదవాలి కాబట్టి కళ్లజోడు వచ్చింది. గంప వల్ల మొహం మీద నీడ పడుతోందని గంప పోయింది. కొప్పు మరీ స్థానికంగా ఉందని కొప్పు పోయింది.

జలాలుద్దీన్ తాపీ కింద పెట్టి, "చీర ఉంచమంటారా సార్?" అని అడిగాడు.

మేయరు గారు విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. "పంచెగా మార్చగలవా? ఉన్న కుచ్చిళ్లు వృథా పోకుండా."

"పోవు సార్. పైన నల్లకోటు వేసేస్తే సరి."

ఆవిష్కరణ నాడు తెర లాగారు. జనం విగ్రహాన్నీ, పక్కనే నిలబడ్డ మేయరు గారినీ మార్చి మార్చి చూశారు. "మా చెల్లెలు అంకమ్మలో నన్ను నేను చూసుకున్నాను" అన్నారు ఆయన. ఆ వాక్యం నేను రాసిందే, కాని అలా ఉపయోగపడుతుందని రాసినప్పుడు తెలియదు. వెనక వరసలో గంపతో నిలబడ్డ అంకమ్మ, "పాదాలు నావేనండీ. చిటికెనవేలు వంకర అలాగే ఉంచాడు మేస్త్రి" అంది సంతోషంగా.

మర్నాటి నుంచి కాకులు రావడం మొదలెట్టాయి. గోడ కంటే విగ్రహం ఎత్తు. తలమీద ఒకటి, పుస్తకం మీద ఒకటి, భుజాల మీద వచ్చినన్ని. వారం తిరక్కుండా నల్లకోటు తెల్లబడింది. కాపలాకు పెట్టిన గంగరాజు కర్రతో అదిలించబోయి విగ్రహం ఎడమ చెవి విరగ్గొట్టాడు. పక్కన గడ్డితో దిష్టిబొమ్మను నిలబెట్టారు. పొరుగూరి వాళ్లు రెంటికీ దణ్ణం పెట్టి వెళ్లారు.

"ఇది ప్రతిపక్షం కుట్ర బావగారూ" అన్నారు మేయరు గారు.

"కుట్ర కాదండీ. అవి అంకమ్మ కోసం చూస్తున్నాయి. ఆవిడ మొప్పలు విసిరితే కిందికి దిగుతాయి. ఆవిడ లేదు కాబట్టి ఎక్కి కూర్చుని ఎదురుచూస్తున్నాయి."

ఆయన నావైపు తిరిగి, మళ్లీ చెప్పమన్నారు. నా జీవితంలో నేను చెప్పిన ఏ మాటనూ ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు.

ఆ సాయంత్రమే మైకు కట్టిన రిక్షా ఊరంతా తిరిగింది. "శ్రమజీవి అంకమ్మకు కూర్చునే హక్కు పునరుద్ధరణ. మేయరు గారి చరిత్రాత్మక నిర్ణయం." కరపత్రం నాది. అంకమ్మ వచ్చి విగ్రహం వెనక గంప దించి, తొలి చేప మొప్పలు తీసి విసిరింది. కాకులన్నీ నేలమీదికి దిగాయి. గంగరాజు నిచ్చెన వేసి మేయరు గారి తల కడిగాడు. నేను కానాగంత చేపలు కొనుక్కుని ఇంటికెళ్లాను. పులుసులో చింతపండు తక్కువే పోశాను.

ఎండలు ముదిరాక ఒకరోజు అంకమ్మ రాలేదు. జ్వరమని తెలిసి చూడటానికి వెళ్లాను. నా వెనకే మునిసిపల్ జీపు వచ్చి ఆగింది. అందులోంచి గంగరాజు, డాక్టరు గారు, కమలాపళ్లు దిగారు. ఒక చేపలమ్మే మనిషికి ఒళ్లు వెచ్చబడితే మేయరు జీపు పంపిన ఊరు మరొకటి ఉంటే చెప్పండి.

"రేపు మంత్రిగారొస్తున్నారండీ, విగ్రహానికి దండ వెయ్యడానికి. పొద్దుటి నుంచీ కాకులు దిగట్లేదు. మేయరు గారు అన్నం కూడా తినలేదు" అన్నాడు గంగరాజు.

డాక్టరు గారు చెయ్యి పట్టుకు చూసి, జ్వరం తగ్గిపోయిందనీ రేపు పనికి వెళ్లొచ్చనీ చెప్పి, బయటికెళ్లి జీపులో కూర్చున్నారు. అంకమ్మ గంజి తాగుతూ నన్ను దగ్గరికి రమ్మంది.

"బాబుగారూ, ఆ గోడ నీడ మధ్యాహ్నానికి నిలవదండీ. నిన్న ముత్యాలమ్మ అక్కడే కళ్లు తిరిగి పడింది. ఈ మధ్య తనూ నా పక్కనే కూర్చుంటోంది."

"అయ్యో" అన్నాను.

"తాటాకు పందిరి ఒకటి ఉంటే…" అని ఆగి, గంజి గిన్నె పక్కన పెట్టి, నిదానంగా దుప్పటి కప్పుకుని పడుకుంది.

నేను బయటికొచ్చాను. గంగరాజు ఆత్రంగా ఎదురొచ్చాడు.

"ఎలా ఉందండీ?"

"బాగా ఎక్కువగా ఉంది."

"డాక్టరు గారు తగ్గిందన్నారే?"

"ఆయన చెయ్యి చూశారు, నేను మనిషిని చూశాను. తాటాకు పందిరి కింద కూర్చుంటే తప్ప తగ్గే జ్వరం కాదు. ఇద్దరు పట్టే పందిరి అయితే ఇంకా తొందరగా తగ్గుతుంది."

గంగరాజు నన్ను ఎగాదిగా చూసి, ఇంకేమీ అడగకుండా జీపెక్కాడు. నేను ఇంటికెళ్లి కాగితం, కలం తీసుకుని, మేయరు గారి నిర్ణయాన్ని కొనియాడుతూ కరపత్రం మొదలుపెట్టాను. ఆయన నిర్ణయం తీసుకోవడానికి ఇంకా అరగంట టైముంది.