ఎడిత్ బాధ వాపసు

ఓ ఇంగ్లీషు సినిమాకి తెలుగులో గొంతు ఇచ్చి వచ్చిన మర్నాడు, అరవై మూడేళ్ల హైమవతికి ఇంగ్లండులో తాను కాదనుకున్న టామ్ అనే మనిషి మీద బెంగ పట్టుకుంది. ఆవిడ ఇంగ్లండు చూడలేదు. టామ్ పియానోలు బాగుచేసేవాడు. పియానో అన్నది కూడా ఆవిడ స్టూడియోలో గుడ్డ కప్పి ఉండగా చూసిందే తప్ప ఎన్నడూ ముట్టుకోలేదు. అయినా ఆ పొద్దున్న కాఫీ కలుపుతూ చెయ్యి ఆపి, "ఆ వసంతంలో వెళ్లి ఉండాల్సింది," అంది.

భర్త వీరభద్రం పేపరు మడిచి పక్కన పెట్టాడు. కరెంటాఫీసులో చేసి రిటైరైన మనిషి. పనిలోంచి భార్య ఇంటికి ఏవేవో తేవడం ఆయనకి అలవాటే.

"ఎవరిదే ఇది?"

"ఎడిత్ గారిది. నిన్న చెప్పొచ్చాను కదా, ఆ ముసలావిడ."

"ఎన్నాళ్లుంటుంది?"

"తెలీదండీ. బ్రిటిష్ వాళ్లది నాకిదే మొదటిసారి."

ఇందులో కంగారు పడాల్సిందేమీ లేదు. డబ్బింగ్ చెప్పినవాళ్ల గొంతుకి పాత్ర తాలూకు మనసు కాస్త అంటుకుని ఇంటిదాకా వస్తుందన్నది సినిమావాళ్లుండే కృష్ణానగర్లో అందరికీ తెలిసిన సంగతే. దాన్ని అక్కడ మిగులు అంటారు. విలన్‌కి చెప్పి వచ్చినవాణ్ణి ఆ పూట అత్తవారింటికి పంపరు. దెయ్యం సినిమా అయితే కంపెనీయే ఒక నిమ్మకాయా ఆటో ఛార్జీలూ ఇస్తుంది. హిందీ సీరియళ్ల ఏడుపు తలంటుకుంటే పోతుంది. కుంగ్‌ఫూ సినిమాల మిగులు మోకాళ్లలో చేరుతుందనీ, నువ్వులనూనె రాసుకోవాలనీ యూనియన్ వాళ్లు గోడ మీద కాగితం కూడా అంటించారు.

ఎడిత్ బాధ మాత్రం తలంటుకి లొంగలేదు. ఆ సినిమాని ఏదో నవల చూసి తీశారు. అందులో పెద్దగా ఏమీ జరగదు. సముద్రపు ఒడ్డు ఊళ్లో తండ్రి బట్టల కొట్టు చూసుకునే ఎడిత్‌ని టామ్ తనతో వచ్చెయ్యమంటాడు. "వచ్చే వసంతానికి చూద్దాం," అంటుందావిడ. వసంతం వస్తుంది, ఆవిడ వెళ్లదు. అతను ఇక అడగడు. ఇంతలో ముసలితనం వచ్చేస్తుంది. అక్కణ్ణుంచి సినిమా అంతా ఆవిడ బూడిదరంగు కోటు వేసుకుని ఒడ్డున నడుస్తూ ఆ ఒక్క మాట గురించే బాధపడుతుంది. తెలుగువాళ్లకి అర్థం కావాలని దీనికి 'ఆగవే వసంతమా' అని పేరు పెట్టారు.

కొద్దిరోజుల్లోనే అపార్టుమెంటంతా హైమవతి సంగతి తెలిసిపోయింది. పై అంతస్తు ఆవిడ ఉప్మా పట్టుకొచ్చి, "ఆ టామ్‌గారు తరవాత పెళ్లి చేసుకున్నారా అండీ?" అని అడిగింది. చేసుకున్నాడని తెలిసి కళ్లు తుడుచుకుంది. వీరభద్రం సాయంత్రాలు భార్య పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. పెళ్లయ్యాక ఆయన ఆ పని చెయ్యడం అదే మొదలు. "ఆ ఊళ్లో వాన బాగా పడేదా?" అనేవాడు. ఆవిడ చెప్పేది, ఆయన వినేవాడు. తనని పక్కన పెట్టుకుని ఇంకొకణ్ణి తలుచుకుంటోందన్న కోపం ఆయనకి రాలేదు. అది కంపెనీ పని.

హైమవతికి ఈ మర్యాదలన్నీ వింతగా ఉన్నాయి. ఎందుకంటే ఆవిడకి సొంత బాధ ఒకటి ఎప్పణ్ణుంచో ఉంది. దాన్ని గురించి ఇంతవరకూ ఉప్మా తెచ్చినవాళ్లు లేరు.

తల్లి బాపట్లలో చెల్లెలు ఇందుమతి దగ్గర ఉండేది. జబ్బు చేశాక ఫోను చేసి, "ఒకసారి వచ్చి కనపడి వెళ్లవే," అంది. అప్పుడు హైమవతి ఒక సీరియల్లో బామ్మగారికి చెబుతోంది. బామ్మగారు మంచాన పడి ఉంది. ఆ చావు ప్రేక్షకులకి నచ్చడంతో సాగదీస్తున్నారు. "ఈవిడ పోగానే వచ్చేస్తానమ్మా," అంది హైమవతి. బామ్మగారు ఆ వారం పోలేదు, పై వారమూ పోలేదు. హైమవతి రోజూ మైకు ముందు నించుని మూలుగుతూ, మనవల్ని పేరు పేరునా పిలుస్తూ ఉండగా, బాపట్లలో తల్లి ఒక మధ్యాహ్నం ఎవరికీ శ్రమ ఇవ్వకుండా పోయింది. ఈ సంగతి ఆవిడ భర్తకి ఒకసారి చెప్పబోయింది. "జరిగిందేదో జరిగింది, ఇప్పుడెందుకు," అని ఆయన మోటారు వెయ్యడానికి వెళ్లాడు. సముద్రం, కోటు, పియానో ఏమీ లేని బాధ. ఎవరైనా అంతకన్న ఏమంటారు?

ఒకరోజు ఆ సినిమా కంపెనీ నుంచి మాన్వి అనే అమ్మాయి ఫోను చేసింది. ఆమెది భావాల రికవరీ విభాగం.

"మేడమ్, మీ దగ్గర మా మెటీరియల్ ఉండిపోయింది."

"ఎడిత్ గారి బాధే కదమ్మా. ఉంది, జాగ్రత్తగానే ఉంది."

"అది వాపసు ఇవ్వాలి. ఇక్కడ చాలా ఇబ్బందిగా ఉంది."

ఇబ్బంది ఏమిటంటే, బాధంతా హైదరాబాదు వచ్చేయడంతో అసలు సినిమాలో ఎడిత్ దగ్గర ఏమీ మిగల్లేదు. చివరి రీళ్లలో ఆవిడ ఒడ్డున కూర్చుని ఐస్‌క్రీమ్ తింటోంది. టామ్ సమాధి దగ్గరికి వెళ్లాల్సిన సీనులో బస్సెక్కి పేకాటకి పోతోంది. చందా కట్టి చూస్తున్నవాళ్లు, ముసలితనం గురించి తీసిన సినిమాలో ముసలావిడ ఇంత కులాసాగా ఉండటమేమిటని గొడవ చేస్తున్నారు. కొందరు వృద్ధులైతే తమకి అన్యాయం జరిగిందని కోర్టుకి వెళ్లారు.

వాపసు కార్యక్రమం పాత స్టూడియోలోనే పెట్టారు. సౌండు ఇంజనీరు ఖలీల్ హైమవతికి చాలాకాలంగా తెలిసినవాడు. గోరువెచ్చటి నీళ్లు ఇచ్చి, మైకు ఆవిడ ఎత్తుకి సర్ది, "మొత్తం చెప్పెయ్యాలంటమ్మా. లోపల ఏమీ ఉంచుకోవద్దన్నారు," అన్నాడు. మాన్వి ముంబయి నుంచి స్పీకర్లో వింటోంది.

హైమవతి టామ్ సంగతి చెప్పింది. స్టేషను, వాన, కొట్టు మూసేటప్పుడు చప్పుడు చేసే తలుపు, అతని చేతివేళ్లు, అన్నీ చెప్పింది. చెప్పినకొద్దీ ఛాతీలో బరువు తగ్గుతూ వచ్చింది. ఆవిడ ఆగాక ఖలీల్ మిగులు చూపించే మీటరు వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా ఉందమ్మా."

"అది నాది, ఖలీల్."

"మీదంటే?"

"మా అమ్మది. సినిమాకి సంబంధం లేదు."

ఖలీల్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కాసేపు విన్నాడు. "మేడమ్, విడదీయడం కష్టం. రెండూ ఒకే శ్రుతిలో ఉన్నాయి," అన్నాడు స్పీకరుతో.

"అయితే మొత్తం పంపండి. మేము ఇక్కడ శుభ్రం చేసుకుంటాం," అంది మాన్వి.

"నాది నాకు తిరిగి ఇస్తారా అమ్మా?" అని అడిగింది హైమవతి.

"దానికి ఒక ప్రాసెస్ ఉంటుంది మేడమ్."

హైమవతి మైకు పట్టుకుని నిలబడింది. ఇవ్వనంటే ఇకమీద పని ఉండదని ఆవిడకి తెలుసు. ఖలీల్ అద్దం అవతల తల వంచుకున్నాడు. అప్పుడింకో సంగతి తోచిందావిడకి. ఇన్నేళ్లలో ఈ బాధ మొత్తం చెప్పమని అడిగినవాళ్లు వీళ్లే. అందుకని చెప్పింది. "బాపట్ల పాసింజరు ఎక్కి ఉండాల్సిందమ్మా. ఆ సీరియల్ బామ్మగార్ని అలా చావనిచ్చి నీ దగ్గరికి రావాల్సింది. నేను ఇక్కడ మూలిగానే గానీ, నువ్వు ఎలా మూలిగావో నాకు తెలీదు." గొంతు జీరపోతే, అలవాటు కొద్దీ, ఇంకో టేక్ ఇవ్వనా అని అడిగింది. అక్కర్లేదన్నాడు ఖలీల్. అతని మీటరు సున్నా దగ్గర నిలబడింది.

బయటికొచ్చాక హైమవతికి బాగా ఆకలేసింది. ఇడ్లీలు తింది. అమ్మ పోయిందన్న సంగతి గుర్తుంది, తను వెళ్లలేదన్నదీ గుర్తుంది. ఎవరిదో ఇంటి అడ్రసు గుర్తున్నట్టు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. మర్నాడు సాయంత్రం వీరభద్రం కుర్చీ తెచ్చుకుని కాసేపు కూర్చున్నాడు. అడగడానికేమీ దొరక్క మోటారు వెయ్యడానికి లేచాడు.

కంపెనీ వాళ్లు ఆ బాధని శుభ్రం చెయ్యలేదు. అంత మంచి సరుకుని పాడుచెయ్యడం ఎందుకనుకున్నారు. ఇప్పుడు ఎడిత్ సముద్రాన్ని చూస్తూ, బాపట్ల పాసింజరు ఎక్కి ఉండాల్సిందని ఏడుస్తుంది. లండను విమర్శకులు బాపట్ల అంటే మనిషి ఎన్నటికీ చేరుకోలేని చోటని అర్థం చెప్పారు. పాసింజరంటే ఆత్మ అన్నారు. ఎడిత్‌గా వేసిన నటికి పెద్ద బహుమతి వచ్చింది. ఆమె వేదికెక్కి, ఆ ఏడుపు తనకి ఎక్కణ్ణుంచి వచ్చిందో తనకే తెలియదంది. అది నిజమే.

హైమవతి తనది తనకి ఇమ్మని రాసింది. ఒప్పందం ప్రకారం పనికి ముందూ పనిలోనూ పని తరవాతా, ఈ లోకంలోనూ ఇతర లోకాల్లోనూ కళాకారులకి కలిగిన భావాలన్నీ కంపెనీవేనని జవాబు వచ్చింది. అయితే ఆవిడ చందాదారుగా చేరితే ఆ సినిమాలో ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చట. వీరభద్రం పొదుపరి. మధ్యలో ప్రకటనలు వచ్చే చవక రకంలో చేర్చాడు.

ఆ ఏడు తల్లి తద్దినానికి ఇద్దరూ బాపట్ల వెళ్లారు. "అమ్మ నిన్నే అడుగుతూ పోయింది అక్కా," అంది ఇందుమతి. ఏటా అనే మాటే. ఏటా హైమవతి ఆ మాటకి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఈసారి, "అవునట కదా," అని మజ్జిగ అడిగింది. ఇందుమతి అక్క మొహంలోకి చాలాసేపు చూసింది. వీరభద్రం మరదల్ని పక్కకి పిలిచి జరిగింది చెప్పాడు. ఆవిడ వెళ్లి మజ్జిగ కలుపుకొచ్చింది.

పురోహితుడు పెద్దకూతుర్ని పిలిచి, "అమ్మగారిని మనసులో తలుచుకుని నమస్కారం చెయ్యండమ్మా," అన్నాడు.

"తలుచుకోవడం రావట్లేదండీ. కంపెనీ దగ్గరుండిపోయింది."

ఆయన ఆశ్చర్యపోలేదు. "చందా ఉందా?" అని అడిగాడు.

"ఉందండీ."

"అయితే పెట్టించండి. ఈ మధ్య చాలా ఇళ్లల్లో ఇలాగే జరిపిస్తున్నాను. టీవీ దక్షిణం వైపు ఉంటే చాలు."

టీవీని దక్షిణం వైపు తిప్పారు. బూడిదరంగు కోటు వేసుకున్న తెల్ల ముసలావిడ ఒడ్డున నడుస్తూ, హైమవతి గొంతుతో, అమ్మా అంది. ఇందుమతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హైమవతి రెండు చేతులూ జోడించి, కన్నార్పకుండా చూస్తూ, "ఎంత బాగా చేసిందే," అంది.

తెల్లావిడ మోకాళ్ల మీద కూలబడి నోరు తెరవబోతుండగా గోడల రంగుల ప్రకటన వచ్చింది. పురోహితుడు మంత్రం ఆపి నీళ్ల చెంబు కింద పెట్టాడు. అందరూ జోడించిన చేతులు జోడించినట్టే ఉంచుకుని, ప్రకటన అయిపోవడం కోసం నిలబడ్డారు.