మేస్త్రి మింగని మేకు

ఆ పొద్దున సోఫా మేస్త్రి పెట్టుకున్న పని ఒక్కటే. ప్లీడరమ్మ ఇంట్లో పాత సోఫాకి కొత్త గుడ్డ బిగించి, సాయంత్రం ఆవిడ వియ్యపురాలు వచ్చేలోగా చేతులు దులుపుకుని రావడం. బయల్దేరే ముందు ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్మాడు. ఉమ్మింది ఎర్రగా ఉంది.

"మళ్ళీ నెత్తురు! పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండీ అంటే వినరు కదా," అంది భార్య. "పొద్దస్తమానం దాహం, దాహమంటూ బిందెడు నీళ్ళు తాగుతారు. కాలి వేలి మీద పుండు చూస్తే ఎన్నాళ్ళకీ మానదు."

"నోట్లో నెత్తురొస్తే కాలి వేలి ఊసెందుకే? ఒంటికి చెమట పట్టదూ? చిగుళ్ళకి నెత్తురు పడుతుంది, అంతే!" అని మేస్త్రి కస్సుమన్నాడు.

ఆ నోటిని ఎవరైనా ఒక్క మాటంటే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కేది. అది మామూలు నోరా మరి? గుప్పెడు మేకులు బుగ్గన పోసుకుని, నాలికతో ఒక్కోదాన్నీ పెదాల మీదికి తెచ్చి, అయస్కాంతం సుత్తికి అందించి, టకటకా కొట్టుకుంటూ పోయేవాడు. బుగ్గన మేకులుండగానే, పనిలో సాయానికొచ్చే బామ్మర్దిని తిట్టేవాడు, పాట పాడేవాడు. ఒకసారి తుమ్మితే మేకు ఎగిరెళ్ళి చెక్కలో తిన్నగా దిగబడిందని బామ్మర్ది ఊరంతా చెప్పుకున్నాడు.

ప్లీడరమ్మ ఇంట్లో పని చివరికొచ్చింది. సోఫా వెనక మూల గుడ్డ చేతికి అందలేదు. మేస్త్రి పళ్ళతో కరిచి ఒక్క గుంజు గుంజాడు. ఏదో గట్టిది గుటుక్కున గొంతులోకి జారింది. ఆయన గుడ్లు తేలేశాడు.

"బావ మేకు మింగాడో!" అని పక్కనే గుడ్డ పట్టుకున్న బామ్మర్ది కేక పెట్టాడు.

మేస్త్రి బుగ్గలో మేకులన్నీ ఉమ్మేశాడు. "నోర్ముయ్! ముప్పై ఏళ్ళలో ఒక్క మేకు మింగానట్రా నేను?"

"మరి గుటుక్కుమందేంటి బావా?"

"ఉమ్ము!"

బుగ్గన ఎన్ని పోసుకున్నాడో, ఎన్ని కొట్టాడో ఎవరికి తెలుసు? కేక విని ప్లీడరమ్మ పరిగెత్తుకొచ్చింది. "మింగకపోతే మేకు ఎక్కడున్నట్టు? నా సోఫాలోనా? అది మా వియ్యపురాలికి గుచ్చుకుంటే నేనే గుచ్చానంటుంది!"

మేస్త్రికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. మింగానంటే నోటి పరువు పోతుంది, సోఫాలో పడిందంటే చేతి పరువు. చేతి పరువైతే మళ్ళీ కుట్టుకోవచ్చనుకుని "విప్పండమ్మా, విప్పి చూసుకోండి!" అన్నాడు. గుడ్డ చింపారు, దూది పీకారు, స్ప్రింగులు లాగారు. ఎప్పుడో పోయిన దువ్వెన దొరికింది. మేకు దొరకలేదు.

ఈలోగా పక్కిళ్ళవాళ్ళు చేరారు. ఒకాయన అరటిపళ్ళు కుక్కమన్నాడు. ఒకావిడ తలకిందులుగా వేలాడదీయమంది. బామ్మర్ది అయస్కాంతం సుత్తి తెచ్చి బావ పొట్టకి ఆనించాడు. టక్కున అతుక్కుంది.

"అమ్మో!" అన్నారందరూ.

"అది నా బెల్టు బకిలురా, దరిద్రుడా!" అని మేస్త్రి గొంతు చించుకున్నా వినే నాథుడు లేడు. కాళ్ళూ చేతులూ పట్టుకుని ప్లీడరమ్మ కారులో పడేశారు.

భార్య ఏడుస్తూ ఆస్పత్రికి చేరేసరికి, డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుగుకి పెట్టి చూస్తోంది.

"మేకు లేదు," అంది.

మేస్త్రి బల్ల మీంచి దూకాడు. "విన్నావా బామ్మర్దీ? విన్నారా ప్లీడరమ్మగారూ? నా మీద ఎంత అపవాదు వేశారు!"

"పన్ను ఉంది," అంది డాక్టరమ్మ. "మీరు మింగింది మీ పన్నే. ఏదీ, నోరు తెరవండి."

తెరిచాడు. డాక్టరమ్మ ఒకడుగు వెనక్కేసింది. చిగుళ్ళ నిండా చీము. మిగిలిన పళ్ళు వేలు తగిలితే చాలు, ఊగుతున్నాయి. ఆవిడ ఆయన వేలి చివర గుచ్చి, చుక్క నెత్తురు మిషనుకి పెట్టి, అంకె చూసి నిట్టూర్చింది.

"షుగరు ఉందని మీకు తెలుసా?"

"మేకు కోసం వస్తే షుగరు అంటగడతారా? ఇదెక్కడి న్యాయమండీ!"

"షుగరు పెరిగితే చిగుళ్ళు పాడవుతాయి. చిగుళ్ళు పాడైతే షుగరు ఇంకా పెరుగుతుంది. రెండూ ఒకదాన్నొకటి మేపుకుంటాయి. గుండెకీ మంచిది కాదు. దాహం ఎక్కువా? పుండ్లు మానట్లేదా?"

భార్య వంగి ఆయన చెప్పు లాగేసి కాలి వేలు చూపించింది. డాక్టరమ్మ ముఖం మారిపోయింది.

"ఇంకొన్నాళ్ళాగితే ఈ వేలు తీసేయాల్సొచ్చేది. పైకి పాకితే కాలే పోయేది. ఆ పన్నుకి దణ్ణం పెట్టుకోండి. ఊడి మిమ్మల్ని ఇక్కడికి లాక్కొచ్చింది."

"కాలి వేలి ఊసెందుకే, అన్నారుగా పొద్దున?" అంది భార్య. గొంతులో కోపం, కళ్ళల్లో నీళ్ళు.

మేస్త్రి తన కాలి వంక చూసుకున్నాడు. "సరేనండీ, ఏ వైద్యం చేస్తే అది చెయ్యండి," అన్నాడు చివరికి. "కానీ మేకు మింగలేదని మాత్రం ఈ బామ్మర్ది వెధవకి గట్టిగా చెప్పండి."

ఆ సాయంత్రం వియ్యపురాలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. మేస్త్రి మేకులు ఇప్పుడు రేకు డబ్బాలో ఉంటున్నాయి. ముప్పై ఏళ్ళలో ఒక్క మేకైనా మింగని మనిషి, భార్య ఎదురుగా నిలబడితే, పూటకో మాత్ర మింగుతున్నాడు.