ఫుజి కొండకు ఆవిరి తగలరాదు

టోక్యోలో మా పేట నుంచి ఏడుసార్లు నెగ్గిన కౌన్సిలర్ కురమోచి గారు ఈ వసంతంలో ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"స్నానమే మన సంస్కృతి! వందల ఏళ్లుగా చిత్రకారులు స్నానాన్ని బొమ్మలకెక్కించారు. పేటలో మిగిలిన ఈ ఒక్క స్నానశాలనూ ప్రాణమిచ్చి కాపాడతాను."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను అందరికంటే గట్టిగా కొట్టాను. నా అద్దెగదిలో స్నానాలగది లేదు. నలభై ఏళ్లుగా నా ఒంటి మీద వేడినీళ్లు పడేది అక్కడే.

వారం తిరక్కుండా నిపుణుల సంఘం దిగింది. అందరూ కలిసి దిగే పెద్ద తొట్టి వెనక గోడమీదున్న ఫుజి కొండ బొమ్మను భూతద్దంతో చూసి గుండెలు బాదుకుంది. ఆవిరికి రంగు పెచ్చులూడుతోందట.

"వేడినీళ్లు వెంటనే ఆపాలి" అన్నారు కౌన్సిలర్ గారు.

స్నానశాల నడిపే తొమియే అవ్వ నవ్వింది. "ఊడితే ఏమైంది నాయనా? రెండేళ్లకోసారి పెయింటరొచ్చి దానిమీదే కొత్త కొండ వేసి పోతాడు. మా మామగారి కాలం నుంచీ అంతే."

"వారసత్వ సంపద మీద పెయింటా? ఇకమీదట చెయ్యేస్తే కేసే!"

"మరి జనం స్నానాలో?"

"ఆ స్నానాన్నే కదవ్వా కాపాడుతున్నాం!"

ఇంతటి ముందుచూపు ఎందరికుంటుంది? బాయిలరు ఆర్పిన రోజు అవ్వ వలవలా ఏడ్చింది. అవి ఆనందబాష్పాలని కౌన్సిలర్ గారు విలేకరులకు వివరించారు.

స్నానశాల మ్యూజియమైంది. నేను నిన్నటిదాకా నెత్తిన పోసుకున్న బొక్కెన 'సామాన్యుడి పాత్ర' అన్న చీటీతో గాజుపెట్టెలోకి చేరింది. అంతా బాగుంది గానీ, మనుషుల్లేని తొట్టి వెలవెలబోతోందని సంఘం రిపోర్టిచ్చింది. దాంతో నన్నూ, పక్కగది ముసలి వడ్రంగి యసుకిచినీ 'సజీవ ప్రదర్శన'గా నియమించారు. నడుముకు తువ్వాలు చుట్టుకుని ఎండు తొట్టిలో కూర్చోవాలి. ఎవరైనా రాగానే "ఆహా, ఏం హాయి!" అనాలి.

యసుకిచి మొండికేశాడు. "తువ్వాలుతో తొట్టిలోకి దిగడమా? మా నాన్న చూస్తే చెంప పగలగొట్టేవాడు!"

"నీళ్లు మైలపడతాయని కదా ఆ నియమం? నీళ్లే లేవుగా, తాతగారూ!" అని కౌన్సిలర్ గారు ధర్మసందేహం తీర్చారు.

ఎండలు ముదిరాయి. గదిలో తడిగుడ్డతో ఎంత తుడుచుకున్నా జిడ్డు వదలడం లేదు. స్నానం చేయని ఒళ్లు నాదే అయినా నాకే రోతపుట్టింది. సరిగ్గా అప్పుడే సాంస్కృతిక మంత్రి వచ్చారు. "ఆహా, ఏం హాయి!" అన్నాం ఒక్క గొంతుతో. ఆయన మా దగ్గరకొచ్చి ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకున్నారు.

"కురమోచి గారూ, ఈ వాసన కూడా వారసత్వమేనా?"

మర్నాడు తొట్టి పక్కన నోటీసు వెలిసింది: 'ప్రదర్శకులు విధిగా శుభ్రంగా స్నానం చేసి రావలెను.'

"ఎక్కడ చేసి రమ్మంటారండీ?" అని అడిగాను.

కౌన్సిలర్ గారు నావంక జాలిగా చూశారు.

"అదేం ప్రశ్నండీ! స్నానశాల పక్క సందులోనేగా మీరుండేది?"