కడిగిన గాలి

గాలి దేవుడిది కావచ్చు, పీల్చే హక్కు ప్రజలది కావచ్చు. దాని లెక్క మాత్రం సర్కారుది. ఈ సత్యాన్ని గుర్తించి 2006లో బెంగళూరులో నగర వాయు తూనిక మండలి వెలసింది. (తూచేది గాలిని కాదు, గాలిలో ఉన్నదాన్ని అని మండలివారు ఆరు నెలల తర్వాత సవరణ జారీ చేశారు.)

కాటన్‌పేటలో మా పక్కింటి సరోజమ్మకు రెండేళ్ళుగా దగ్గు. ఆమె ఇంటి కిందే పాత సోఫాల ఫోము చీల్చి కొత్త పరుపుల్లో కూరే గోడౌను ఉంది. ఫోముకు నిప్పంటుకోకుండా కలిపే మందులు ఏళ్ళు గడిచినా నశించవట, దుమ్ముతో లేచి గాలిలో చేరతాయట. ఇంటి గాలిలో అవి ఉన్నాయని తేలితే గోడౌను ఊరవతలికి పోతుంది. తేలకపోతే సరోజమ్మ దగ్గుతూ ఉండాల్సిందే.

అర్జీ పెట్టిన ఎనిమిదో నెలలో మండలి పరిశీలకుడు మునినారాయణప్ప వచ్చి, హాల్లో ఒకటి, మిద్దె మీద ఒకటి పరికరాలు వేలాడదీశాడు. స్టీలు గిన్నె మీద గిన్నె బోర్లించి, గాలి దూరేంత సందు విడిచి, మధ్యలో గుండ్రటి స్పాంజి పెట్టారు, అంతే. మూడు నెలలు గాలిలోని మందులన్నీ దానికి అంటుకుంటాయి, తర్వాత ల్యాబులో లెక్క తేలుస్తారు. అంతా వివరించి, "సర్కారు సామానమ్మా, మర్యాదగా చూసుకోండి" అన్నాడు.

సరోజమ్మ మర్యాద తెలియని మనిషా? రెండున్నర నెలలకు ఆయుధపూజ వచ్చింది. కత్తిపీట, కుట్టుమిషను, స్కూటరు కడిగి, సర్కారు సామాను మాత్రం మురికిగా వదిలేస్తే ఇంటి పరువేం కాను? స్పాంజీలు రెండూ కుంకుడు రసంలో నానబెట్టి, నల్లనీళ్ళు పోయేదాకా పిండి, ఎండబెట్టి, గిన్నెలకు విభూది పట్టెలు తీర్చి బంతిపూలు కట్టింది.

ఫలితాలు వచ్చాయి. లోపల: ఏమీ లేదు. బయట: ఏమీ లేదు. సరోజమ్మ మండలికి పరుగెత్తి, కడిగిన తప్పు తనదేనని ఒప్పుకుని, మళ్ళీ కొలవమని బతిమాలింది.

మునినారాయణప్ప నొచ్చుకున్నాడు. "తప్పేముండాదమ్మా? పండక్కి సామాను కడగకుండా ఉంటారా? ఊరంతా పెట్టిన నలభై స్పాంజీలూ మేమే కడిగించినాము. మీ ఇంటికి వచ్చేదానికే టైము చాల్లేదు."

నగరం గాలి మచ్చలేనిదని మండలి ప్రకటించింది. గోడౌనువారు ఆ ప్రకటనకు ఫ్రేము కట్టించి దండ వేశారు.

సరోజమ్మ రెండో అర్జీకి జవాబు నిన్న వచ్చింది: "లోపలా బయటా గాలి శుద్ధమని తేలినందున, సదరు దగ్గు అర్జీదారు సొంతమని నిర్ణయించడమైనది. దాన్ని గాలిలోకి వదలరాదు."