ఎల్ బోర్డు వెనకే

ఆ శుక్రవారానికి లాజరస్ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. ఏడింటికి బయల్దేరడం, పదింటికి టౌనులో డ్రైవింగ్ పరీక్షకు నిలబడటం, మధ్యాహ్నానికి పాసై ఇంటికి రావడం. వాన అందులో లేదు. వాయుగుండం గురించి మూడు రోజులుగా టీవీలో చెబుతూనే ఉన్నారు. లాజరస్ ఆ మూడు రోజులూ ఎనిమిది అంకె మీద బండి ఎలా తిప్పాలో ఫోన్లో చూస్తూ కూర్చున్నాడు.

అతనికి నలభై ఆరేళ్లు. చిట్టమూరు దగ్గర రొయ్యల గుంటలకు పదిహేనేళ్లు కాపలా ఉన్నాడు. ఇప్పుడు మేత కంపెనీ వాళ్లు గుంటగుంటకూ తిరిగి నీళ్ల శాంపిళ్లు తెచ్చే పని ఇస్తామన్నారు. సోమవారం లైసెన్సు పరీక్ష పాసైన కాగితం చూపించాలి. నేర్చుకునేవాళ్లకిచ్చే ఎల్లెల్లార్ ఒకటి చేతిలో ఉంది, దాని గడువు ఈ రోజుతో సరి. ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. మొదటిసారి కాలు కింద పెట్టాడు, రెండోసారి గీత తొక్కాడు.

"ఈ వానలో పోయేదేందయ్యా?" అంది భార్య ఎలిశబెతు.

"ఈ రోజుతో ఎల్లెల్లార్ చచ్చిపోతాది మే."

"అది చస్తే చచ్చింది. నువ్వు బతికి రా. నిదానంగా పో."

ఆ మాట చెప్పనక్కర్లేదు. లాజరస్‌కు మొదటి గేరు మీద తప్ప నమ్మకం లేదు. రెండో గేరు పడిందంటే బండి తనది కానట్టుండేది. నిజానికి అది బావమరిది బండి.

నాలుగు మైళ్లు పోయేసరికి రోడ్డు ఆగిపోయింది. రెండు పక్కలా గుంటలు నిండి పొర్లాయి. రెండు వందల గజాల మేర రోడ్డు మీద మోకాటి లోతు నీళ్లు నిలిచాయి. ఇవతల ఇరవై బళ్లు, ఒక బస్సు ఆగి ఉన్నాయి. ఎవరికి వారు ముందు ఇంకొకరు దిగితే లోతు తెలుస్తుందని చూస్తున్నారు.

లాజరస్‌కు చూసే టైము లేదు. యేసయ్యను తలుచుకుని నీళ్లలోకి దిగాడు. మొదటి గేరు, సగం క్లచ్చి, ఎక్సిలేటరు మీద చెయ్యి తియ్యలేదు. ధైర్యం కాదు, చెయ్యి బిగుసుకుపోయింది. నీళ్లు కదిలీ కదలకుండా బండి అవతలికి చేరింది.

"ఎల్ బోర్డోడే పోయినాడు, మనకేందిరా," అన్నాడు పెంచలకృష్ణ. అతనిది పెద్ద బండి. వెనకే అందరూ వరసగా దిగారు. పెద్ద బండివాడు వేగంగా పోయి, మధ్యలో భయం పుట్టి ఎక్సిలేటరు వదిలాడు. సైలెన్సర్లోకి నీళ్లు పోయాయి. దాని వెనక మరో మూడు బళ్లు నిలిచిపోయాయి. మిగిలినవి తిరిగి ఇవతలి గట్టుకే వచ్చాయి.

"ఏందన్నా నువ్వు?" అని నీళ్లలోంచి అరిచాడు పెంచలకృష్ణ. "ఎట్టా పోవాల్నో చెప్పకుండా పోతే మాకేం తెలుస్తాది?"

అడిగినవాడి ముఖం చూస్తే తప్పు తనదేననిపించింది లాజరస్‌కు. బండి అవతలి గట్టున పెట్టి, ప్యాంటు మడిచి, నీళ్లలోకి నడిచాడు. నాలుగు బళ్లనూ అవతలికి నెట్టాడు. టైము తొమ్మిదిన్నర.

ఇవతల గట్టు మీద పుష్పకుమారి అనే టీచరు ఇదంతా చూసింది. బళ్లు దాటించేందుకు అతన్ని పంచాయతీ వాళ్లు పెట్టారనుకుంది. "నా స్కూటీ గూడా దాటించన్నా," అని తాళం చేతిలో పెట్టింది.

"నేను పరీక్షకు పోవాలక్కా."

"నేను పరీక్ష పెట్టేదానికే పోతాండా. పదపద."

స్కూటీని దాటించి ఆమె కోసం తిరిగి చూసేసరికి ఇవతల క్యూ కట్టారు. ఎవరో నంబర్లు కూడా చెబుతున్నారు. అతను ఒక్కో బండినీ అవతలికి నడిపి, మళ్లీ నీళ్లలో నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. తనకు లైసెన్సు లేదన్నాడు. ఎవరూ నమ్మలేదు. పాల క్యాన్లవాడికి కోపం కూడా వచ్చింది. "టీచరమ్మ బండి దాటించినావు, నాది దాటించేదానికి లైసెన్సు కావాల్నా?"

పదకొండుంబావుకు క్యూ అయిపోయింది. పది ఎప్పుడో దాటినా, పరీక్షలు ఇంకా జరుగుతుంటాయని లాజరస్ ఆశ. బస్సు దగ్గర రెయిన్‌కోటు వేసుకున్న మనిషి ఒకాయన మిగిలాడు. చంకలో సంచి పట్టుకుని ఉన్నాడు. బండి లేదు.

"టౌనులో నాకోసం జనం కాచుకోని ఉంటారు. ఈ కాగితాలు తడవగూడదు," అన్నాడాయన.

లాజరస్ బండి అవతల ఉంది. దాన్ని ఇవతలికి తేవాలంటే మళ్లీ నీళ్లలో దించాలి. ఆగిపోతే పరీక్షా లేదు, సోమవారమూ లేదు. లాజరస్ అవతలికి నడిచి బండి ఎక్కాడు. ఇవతలికి తెచ్చి, ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని మళ్లీ దిగాడు. ఆయన లాజరస్ భుజాలు రెండూ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

నీళ్లు దాటాక ఆయనకు మాట వచ్చింది. "ఎంత దూరం పోతావు?"

"మీదీ టౌనే కదా, దించేస్తాను. నాకు బండి పరీక్ష ఉండాది. పరీక్ష పెట్టేది కొత్త బ్రేకిన్‌స్పెక్టరంట. ముందాయన కంటే చండాలమంట."

"ఎవరన్నారు?"

"అందురూ అంటాండారు. నవ్వనే నవ్వడంట."

ఆయన నవ్వలేదు.

"యాడ దించాల సార్?"

"నువ్వు పోయే కాడికే."

పన్నెండుకు పది నిమిషాలుండగా ఆఫీసు చేరారు. పరీక్ష జరిగే గ్రౌండు చెరువులా ఉంది. వరండాలో ఆరుగురు అభ్యర్థులు నిలబడి ఉన్నారు. అందులో పెంచలకృష్ణ ఒకడు. పెద్ద బండివాడికి ఇన్నాళ్లూ లైసెన్సు లేదన్నమాట. రెయిన్‌కోటు మనిషి మెట్లెక్కగానే అటెండరు పరుగెత్తుకొచ్చి సంచి అందుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు రెయిన్‌కోటు విప్పి కుర్చీలో కూర్చున్నాడు. లాజరస్ కాగితాలు చూశాడు.

"ఎల్లెల్లార్ మీద వెనక మనిషిని ఎక్కించుకోవచ్చా?"

"గూడదు సార్. నేర్పేవాళ్లయితే ఎక్కొచ్చంట."

"నేనేం నేర్పినాను నీకు?"

"మీరు కళ్లు మూసుకున్నారు కదా సార్. ఎవరికీ చెప్పను."

గుమాస్తా మెల్లగా కల్పించుకున్నాడు. "గ్రౌండంతా నీళ్లు సార్. వాయిదా వేసేద్దామా?"

ఇన్‌స్పెక్టరు ఎల్లెల్లార్ మీద తేదీ మరోసారి చూశాడు. "ఈయనకు రేపు లేదు. ఎనిమిది వెయ్యమను. కాలు కింద పెడితే ఫెయిల్."

లాజరస్ నీళ్లలోకి బండి దించాడు. మొదటి గేరు, సగం క్లచ్చి. పొద్దుటి నుంచి పద్నాలుగు బళ్లతో చేసిన పనే. కాలు కింద పెట్టలేదు. ఎనిమిది ఎక్కడ గీశారో అతనికి తెలియదు, చూస్తున్నవాళ్లకూ తెలియదు. గుర్తున్నంత వరకు ఎనిమిదిలాంటిది ఒకటి తిరిగి వచ్చాడు.

"అన్నా, అక్కడే ఉండు," అన్నాడు పెంచలకృష్ణ. "ఈసారి చెప్పి పో. నీ వెనకే మేమూ వస్తాం."

వరసగా అందరూ తిరిగి వచ్చాక గుమాస్తా ఫారాలు ముందు పెట్టాడు. "గీత సంగతి ఏం రాయమంటారు సార్?"

ఇన్‌స్పెక్టరు గ్రౌండు వైపు చూశాడు. "నీకు గీత కనపడిందా?"

"లేదు సార్."

"కనపడని గీత తొక్కినాడని ఎట్టా రాస్తావు?"

ఆ రోజు పరీక్షకు బండెక్కిన ఏడుగురిలో ఒక్కరు కూడా గీత తొక్కినట్టు రికార్డులో లేదు.