ఒంటికాలి డిగ్రీ

కాత్యాయని విదేశీ డిగ్రీ మంగళవారం పొద్దున కొరియర్ వ్యానులో వచ్చింది. నడుం దాకా మగమనిషి, కింద ఒక్క కుడికాలు. వ్యాను మనిషి సంతకం పెట్టించుకుని, "దేనికైనా ఆనించి పెట్టండమ్మా, వదిలేస్తే పడిపోద్ది" అని చెప్పి వెళ్ళిపోయాడు. సోఫాలో దిండ్ల మధ్య కుదురుకున్నాక డిగ్రీ టై సర్దుకుని, "నా మాట వినపడుతోందా?" అంది. దానికి వచ్చిన మాట అదొక్కటే.

డిగ్రీ మనిషిలా రావడంలో వింతేమీ లేదు, అందరివీ అలాగే వస్తాయి. విదేశం వెళ్ళి చదివితే తల నుంచి పాదం దాకా వస్తుంది. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో చదివితే నడుం వరకే. క్లాసుల్లో ఎవరూ ఎవరినీ అంతకు మించి చూడలేదు కనుక, విశ్వవిద్యాలయం తాను చూడనిదానికి పూచీ పడదు. హైబ్రిడ్ అని మూడో రకం ఒకటుంది. వేసవిలో రెండు వారాలు ఆ దేశం వెళ్ళి, ఓ హోటల్ హాల్లో కూర్చుని, కోటలాంటి భవనం ముందు ఫోటో దిగి వస్తే ఒక కాలు కలుపుతారు. ఈ నిబంధనలన్నీ బ్రోషర్లోనే ఉంటాయి, చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో.

గుంటూరు పక్కన ఓ ఇంజనీరింగ్ కాలేజీలో కాత్యాయని ఏళ్ళ తరబడి ఎలక్ట్రికల్ మెషీన్లు చెబుతోంది. ఆవిడ చెబితే వెనక బెంచీ కూడా నోట్సు రాసుకుంటుంది. అది ఎవరికి కావాలి? విదేశీ డిగ్రీ లేనివాళ్ళు వచ్చే జూన్ నుంచి రానక్కర్లేదని యాజమాన్యం సర్క్యులర్ వేసింది. ఆవిడకు ఇక్కడి ఎం.టెక్ ఉంది, రెండు కాళ్ళూ గట్టివే. కానీ పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు గదా. ఆ ఎం.టెక్ వరండాలో పేపరు చదువుకుంటూ, చెబితే వెళ్ళి పెరుగు ప్యాకెట్టు తెస్తుంది.

కూతురు పదో తరగతిలో ఉండగా కాత్యాయని ఏడాదిపాటు దేశం దాటే పరిస్థితి లేదు. అందుకని నిరుడు భర్త సాంబశివరావుతో కూర్చుని హైబ్రిడ్‌కే లెక్క తేల్చుకుంది.

"ఒక్క కాలు కోసం అంత ఫీజా?" అన్నాడాయన.

"కాలు లేకపోతే కాలేజీ గడప దాటనివ్వరంటండీ."

"ఒంటికాలితో దాటుద్దా?"

"కుంటుకుంటూ దాటుద్ది లెండి."

చేతి గాజులు ఫీజులోకి పోయాయి.

డిగ్రీని ఆటోలో పట్టుకెళ్ళి కుర్చీలో కూర్చోబెడితే, ప్రిన్సిపాల్ చక్రధరరావు ముందుగా బల్ల కిందికి వంగి చూశాడు.

"రెండోది లేదేంటమ్మా?"

"హైబ్రిడ్ సార్."

"ఫోటోకి ఫర్లేదు, ఛాతీ దాకే తీస్తాం. ఇన్‌స్పెక్షనోళ్ళు మాత్రం కిందికే చూస్తారు." గడ్డం గోక్కున్నాడు. "పట్టా గౌను ఇచ్చారా?"

"ఇచ్చారు సార్. నేల దాకా ఉంది."

"ఇంకేం మరి. మీకు కాళ్ళున్నాయిగా."

కాత్యాయనికి ఒళ్ళు మండిపోయింది. పాఠం చెప్పడానికి పనికిరాని మనిషి కాళ్ళకు పనికొస్తుందా అని అడగాలనుకుంది. జూన్ గుర్తొచ్చి, "సరే సార్" అంది.

ఇన్‌స్పెక్షన్ రోజున డిగ్రీని కాత్యాయని భుజాల మీద ఎక్కించి, దాని కుడికాలు ఆవిడ నడుముకు కట్టేసి, పైనుంచి గౌను దించారు. లోపల కలరా ఉండల వాసన. వచ్చిన ముగ్గురూ ముందు పాదాలు చూశారు. రెండున్నాయి. మెట్టెలు కూడా ఉన్నాయి. స్థానిక సంప్రదాయాల పట్ల గౌరవం అని ఒకాయన మెచ్చుకుంటూ రాసుకున్నాడు.

ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కితే ఏం చేయాలని రెండో ఆయన అడిగాడు. పైన డిగ్రీ, "నా మాట వినపడుతోందా?" అంది. వినపడుతోందని ముగ్గురూ వినయంగా తలలూపారు. గౌను లోపలినుంచి కాత్యాయని సావకాశంగా జవాబు చెప్పింది. గొంతు ఆడగొంతని ఎవరూ అనలేదు.

"విదేశంలో చదివినోళ్ళు చెప్పే తీరే వేరండీ," అన్నాడాయన. పోయినసారి ఇదే జవాబు కాత్యాయని ఎదురుగా నిలబడి చెబితే, ఈ మహానుభావుడే ఆవులించాడు.

జూన్‌లో డిగ్రీ శాఖాధిపతి అయింది. గది, ఏసీ, తలుపు మీద పేరు, అన్నీ దానికే. క్లాసుకు వెళ్ళేటప్పుడు కాత్యాయని దాన్ని భుజాలకెత్తుకుని గౌను వేసుకుంటుంది. బోర్డు కనపడటానికి కళ్ళ దగ్గర చిన్న కన్నం చేసుకుంది. మెడనొప్పికి సాయంత్రం సాంబశివరావు కాపడం పెడతాడు.

"ఇంతకీ గిట్టుబాటైనట్టా, కానట్టా?" అని ఒకసారి అడిగాడు.

"ఉద్యోగం ఉందిగా," అంది.

ఆగస్టులో ప్రవల్లిక అనే పాత విద్యార్థిని స్వీటు డబ్బాతో శాఖాధిపతి గదికి వచ్చింది. అప్పుడే క్లాసు ముగించి వచ్చిన కాత్యాయని ఇంకా గౌనులోనే ఉంది. మెషీన్ల పేపరంటే హడలిపోయే ఆ పిల్లను కాత్యాయనే దగ్గర కూర్చోబెట్టుకుని గట్టెక్కించింది.

"ఆన్‌లైన్‌లో విదేశీ డిగ్రీ చేద్దామనుకుంటున్నా సార్. చేరమంటారా?"

"నా మాట వినపడుతోందా?" అంది డిగ్రీ.

"వినపడతందండీ."

వద్దు తల్లీ, నీకు వచ్చిన విద్య చాలు అనాలని కాత్యాయనికి గొంతు దాకా వచ్చింది. కానీ అలాంటి డిగ్రీ దండగని శాఖాధిపతే అంటే, శాఖాధిపతి ఏమైనట్టు?

"చేరమ్మా," అంది. "హైబ్రిడ్‌లో చేరు. ఒక కాలైనా వస్తుంది."

ప్రవల్లిక సంతోషంగా వంగి కాళ్ళకు దణ్ణం పెట్టింది. పెట్టిన చెయ్యి మెట్టెల దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"అచ్చం మా కాత్యాయని మేడం మెట్టెల్లాగే ఉన్నాయి సార్. స్వీటు ఆవిడకే తెచ్చా. ఎక్కడా కనపళ్ళేదు."

"ఆవిడకి ప్రమోషన్ వచ్చిందమ్మా," అంది గౌను లోపలినుంచి కాత్యాయని.