దొర్కమ్మ ముసుగు

ఒక పెద్ద అడవిలో చిన్న సంఘం ఒకటి ఉండేది. ఆదివారం పొద్దున్నే అందరూ బూరుగు చెట్టు కింద కూడేవారు. ఆరాధన జరుగుతున్నంతసేపూ ఎవరూ ఎవరినీ తినకూడదన్నది కట్టడి. సంఘ పెద్ద గిద్యోను నెమలిగారు. ఆయన పురి విప్పి, అటోసారి ఇటోసారి తిరిగి, అందరూ చూశారని నమ్మకం కుదిరాకే ప్రార్థన మొదలుపెట్టేవారు.

ఒక ఆదివారం తీతు అనే నక్క లేచాడు. బాప్తిస్మం పుచ్చుకున్నప్పటి నుంచీ దుంపలే తింటున్నానని అడవంతా చెప్పుకు తిరిగే రకం.

"అయ్యగారూ, చెప్పడానికి సిగ్గుగా ఉందండీ. దొర్కమ్మ సిస్టరు ముందు వరసలో కూర్చుంటే నాకు ప్రార్థనలో మనసు నిలవట్లేదు. నోట్లో నీళ్ళు కూడా ఊరుతున్నాయి."

దొర్కమ్మ అడవికోడి. ఎండుటాకు రంగు ఈకలు తప్ప ఒంటిమీద ఇంకే సింగారమూ లేనిది. పొదలో ఐదు గుడ్లు పొదుగుతోంది. పదిమందిలో ఆ మాట వినేసరికి ఆమెకి తల కొట్టేసినట్టయింది.

నెమలిగారు నిట్టూర్చారు. "పాపం, సహోదరుడు ఎంత వేదన పడుతున్నాడో చూశారా! తప్పంతా మన ఆడవాళ్ళ ఈకల్లో ఉంది. రేపటి నుంచి పెట్టలన్నీ బూరుగు దూదితో నేసిన తెల్ల ముసుగు వేసుకోవాలి. ఇంటా బయటా."

"గుడ్ల మీద కూర్చున్నప్పుడు కూడానా అండీ?" అని అడిగింది దొర్కమ్మ.

"అప్పుడు మరీనమ్మా."

"దేవుడిచ్చిన ఈకలే నాకు ముసుగండీ. ఎండుటాకుల్లో కూర్చుంటే తీతు బ్రదరు మూడుసార్లు పక్కనుంచే వెళ్ళాడు, నన్ను చూడలేకపోయాడు. అయినా కన్ను చెదిరితే కన్ను సంగతి చూసుకోమన్నాడు ప్రభువు. ఎదుటివాళ్ళ ఈకల సంగతి కాదు."

"పెద్దలకి ఎదురు చెప్పడం అణకువ కాదు," అన్నారు నెమలిగారు పురి సర్దుకుంటూ. కుందేళ్ళన్నీ ఆమేన్ అన్నాయి. ఆ పురి మాటేమిటని అడగబోయి, వెలివేస్తారన్న భయంతో మింగేసింది దొర్కమ్మ.

సోమవారం ముసుగేసుకుని గుడ్ల మీద కూర్చుంది. పచ్చటి పొదలో ఆ తెలుపు అరమైలు దూరానికి కనబడుతోంది. మధ్యాహ్నానికల్లా తీతు వచ్చేశాడు.

"వందనాలు సిస్టర్! ఇన్నాళ్ళూ మీరుండేది ఇక్కడా?"

దొర్కమ్మ కొమ్మ మీదికి ఎగిరి బతికింది. రెండు గుడ్లు పోయాయి. ఏడుస్తూ నెమలిగారి దగ్గరికి పరిగెత్తింది. ఆయన అంతా విని తల పంకించారు.

"సరిగ్గా కట్టుకుని ఉండవు, జారి ఉంటుంది. రేపు నేనే వచ్చి ఎలా కట్టుకోవాలో చూపిస్తాను."

అన్నట్టే మర్నాడు వచ్చారు. ముసుగు తన తలకే చుట్టుకుని, "ఇదిగో, ఇలా కళ్ళు మూసుకుపోయేదాకా లాగాలి," అన్నారు.

అవతల గట్టు మీదున్న తీతుకి కనబడింది తెల్ల ముసుగొక్కటే. కింద ఎవరున్నారో చూడకుండా ఒక్క దూకు దూకాడు.

"అయ్యగారూ, ఎగరండి!" అని అరిచింది దొర్కమ్మ. కళ్ళు కనబడని నెమలిగారు కేక పెట్టి ఎలాగో చెట్టెక్కారు. పురి మాత్రం తీతు నోట్లో ఉండిపోయింది.

ఆదివారం విచారణ జరిగింది. తీతు కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పాడు. "ఆ ఈకల తళుకు చూసి మనసు చెదిరిందండీ."

బోడి వెనుక భాగాన్ని చెట్టు మొద్దుకి ఆనించుకుని కూర్చున్న నెమలిగారు మండిపడ్డారు. "తళుకేమిటి! నా ఈకలు నా ఇష్టం! తప్పంతా వాడి బుద్ధిది. వెలివేయండి!"

దొర్కమ్మ ముందు వరసలోంచి లేచింది. నెత్తిన ముసుగు లేదు. దాన్ని మడత పెట్టి తెచ్చి ఆయన ముందు ఉంచింది.

"కప్పుకోండి అయ్యగారూ. ఒక్క మాట మాత్రం చెప్పండి. ఆవేళ తీతు బ్రదరు దూకినప్పుడు మీరు ఏం వేసుకుని ఉన్నారు?"

నెమలిగారు ముసుగు లాక్కుని బోడి వెనుక భాగానికి చుట్టుకున్నారు. అలవాటు కొద్దీ కుందేళ్ళన్నీ ఆమేన్ అన్నాయి.

నీతి: కోడి ముసుగేసుకుంటే నక్క మనసు చెదరదు, తిన్నగా ఇంటికే వస్తుంది.